మిగిలిన గట్టి చెక్కతో చిన్న సైడ్ టేబుల్: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టించిన ప్రతివాళ్ళ మెట్ల కిందా ఉండే సరుకే ఇది. గుమ్మాలు, కిటికీలు అయ్యాక మిగిలిన టేకు ముక్కలు. పారేయడానికి మనసొప్పదు, వాడదామంటే దేనికీ చాలవనిపిస్తాయి. చిన్న బల్లకి చాలుతాయి. ఇక్కడ చెప్పేది 15×15 అంగుళాల పైచెక్క, 20 అంగుళాల ఎత్తు, నాలుగు కాళ్ళు, వాటిని కలిపే నాలుగు పట్టీలు ఉన్న బల్ల గురించి. సోఫా పక్కకీ మంచం పక్కకీ సరిపోతుంది. కొలతలు అంగుళాల్లో, నూళ్ళలో ఇచ్చాం. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు మిల్లీమీటర్ల కంటే నూళ్ళే త్వరగా అర్థమవుతాయి.

మొత్తం ఎంత చెక్క కావాలి?

తయారైన బల్లలో ఉండే చెక్క పావు ఘనపుటడుగు కంటే కాస్త ఎక్కువ, 0.26. కోతకీ, చిత్రికకీ, పగుళ్ళు తీసేయడానికీ పోయేది కలుపుకుని 0.45 ఘనపుటడుగుల ముక్కలు పోగేసుకోండి. టేకైతే బల్ల సుమారు 5 కిలోలు తూగుతుంది. గుగ్గిలం కర్రయితే ఇంకో కిలోన్నర ఎక్కువ.

కాళ్ళు: 1½ × 1½ × 19¼ అంగుళాలు, నాలుగు.
పట్టీలు: 3 × ¾ × 11¾, నాలుగు. ఈ పొడవులో రెండు వైపులా కుసులు (కాలి గుంటలో దూర్చడానికి పట్టీ చివర సన్నగా చెక్కే నాలుకలు) కలిసే ఉన్నాయి.
పైచెక్క: 15 × 15 × ¾. మూడేసి అంగుళాల పలకలు ఐదు అతికిస్తే వస్తుంది.

పనికి ముందు పలకలు 3¼ వెడల్పు, ఒక అంగుళం మందం ఉండాలి. అతికే అంచులు సాపు చేసేసరికి ఆ పావు అంగుళం హరించుకుపోతుంది.

గుమ్మం ముక్క ఒకటే ఉంది, 5×3 సైజు. కాళ్ళు వస్తాయా?

20 అంగుళాల పొడవుంటే వస్తాయి. 5 అంగుళాల వైపు మూడు వరసలు, 3 అంగుళాల వైపు రెండు, మొత్తం ఆరు కాళ్ళు. మంచివి నాలుగు ఏరుకుని రెండు పక్కన పెట్టుకోవచ్చు. అయితే 3 అంగుళాలని రెండుగా కోస్తే రంపమే ఒక నూలు తింటుంది, ఆపైన చిత్రిక. చివరికి కాలు 1½ కాకుండా 11 నూళ్ళకి దిగుతుంది. చూపుకి తేడా తెలియదు. పట్టీ లెక్క మాత్రం మార్చుకోవాలి. కాళ్ళ చట్రం బయటి కొలత 13 అంగుళాలు ఉండాలి కాబట్టి, అందులోంచి రెండు కాళ్ళ మందం తీసేస్తే కనబడే పట్టీ పొడవు వస్తుంది. కాలు సన్నబడితే కుసి పొడవు కూడా అర నూలు తగ్గించండి.

నా దగ్గరున్నది టేకో కాదో ఎలా తెలుస్తుంది?

ఒక మూల చిత్రిక పట్టి వాసన చూడండి. టేకుకి తోలు వాసనలాంటిది ఉంటుంది, వేలితో రుద్దితే జిడ్డుగా తగులుతుంది. అడ్డంగా కోసిన చివర వార్షిక వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. బరువుగా ఉండి ముదురు గోధుమ రంగులో ఉంటే నల్లమద్దో, గుగ్గిలమో కావచ్చు. తడిగుడ్డ పెడితే గుడ్డకి పసుపు-గోధుమ రంగు అంటుకుంటే వేగిసని అనుమానించండి. మధుమేహానికని అమ్మే చెక్కగ్లాసుల్లో నీళ్ళు రంగు మారేది ఆ కర్ర వల్లే. వేగిస బల్లకి బాగుంటుంది గానీ, పైపూత సరిగా వేయకపోతే తడి గ్లాసు కింద మరక ఖాయం.

ఏ కర్రయినా చేవ ఉన్న భాగమే వాడండి. అంచున ఉండే తెల్లభాగాన్ని ముందు పురుగు పడుతుంది, టేకులో కూడా. తీసెయ్యడానికి మనసొప్పకపోతే పట్టీల లోపలి వైపు పెట్టండి, కాళ్ళకి వద్దు.

రెండు మూడు రకాల కర్ర కలిపి చేయొచ్చా అని కూడా అడుగుతారు. కాళ్ళూ పట్టీలూ ఒక కర్ర, పైచెక్క వేరే కర్ర అయితే ఇబ్బంది లేదు. పైచెక్కలోనే టేకు పక్కన గుగ్గిలం అతికిస్తే రెండూ ఒకేలా ఉబ్బవు. గుగ్గిలం ఎక్కువ సాగుతుంది, ఎక్కువ ముడుచుకుంటుంది. రెండేళ్ళకి అతుకు దగ్గర చేతికి మెట్టు తగులుతుంది.

పాతూళ్ళో ఇల్లు కూలగొడితే వచ్చిన దూలాలు, తలుపులు వాడొచ్చా?

అంతకంటే మంచి చెక్క దొరకదు. ఏళ్ళ తరబడి ఆరి, కదలాల్సినంత కదిలి ఉంటుంది. రెండు జాగ్రత్తలు. మొదటిది మేకులు. తల తెగి లోపలే ఉండిపోయిన మేకు కంటికి కనబడదు, ముక్క మొత్తం మీద గట్టి అయస్కాంతం నడిపించండి. నల్లటి మచ్చ ఉన్న చోట ఇనుము ఉన్నట్టే లెక్క. మేకు బ్లేడుకి తగిలితే బ్లేడు పోతుంది, పళ్ళు ఎగిరి మొహానికీ రావచ్చు. అందుకే కోత మిల్లులో పాత కర్ర అనగానే మొహం చిట్లిస్తారు.

రెండోది రంగు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. వాటిని ఉప్పు కాగితంతో పొడిగా రుద్దకండి, మంటతో కాల్చకండి. పెయింట్ రిమూవర్ రాసి, మెత్తబడ్డాక గీకి, ఆ చెత్తని కవర్లో మూటకట్టి పడేయండి. పిల్లలున్న ఇంట్లో ఈ పని చేయొద్దు.

పోర్టు నుంచి వచ్చే ప్యాలెట్ల చెక్క?

ఎక్కువగా పైన్ లాంటి మెత్తకర్ర. ఈ బల్ల కాళ్ళకి పనికిరాదు. తీసుకునే ముందు దాని మీద ముద్ర చదవండి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, ఇంట్లోకి తేవద్దు. నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్నవి ఏ ముద్ర ఉన్నా వదిలేయండి.

పెరట్లో పడిపోయిన వేప, నిద్రగన్నేరు?

పచ్చికర్రని పలకలు కోయించి, మధ్య మధ్య సన్న బద్దలు పెట్టి, నీడలో గాలి ఆడేట్టు పేర్చి, అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆగాలి. చివరలకి పెయింటో, కరిగిన మైనమో పూయకపోతే అక్కడి నుంచే నెర్రెలు మొదలవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి కూలిన చెట్లని అప్పుడే కోయించి మేడ మీద గదిలో దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ చెక్క ఎప్పుడో సిద్ధమైపోయింది. పురుగు రంధ్రాలు చూసుకుని మొదలెట్టడమే.

చెక్క ఆరిందో లేదో మీటరు లేకుండా ఎలా చూడాలి?

వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు. అర కిలో ముక్కని తూచి, బరువు దాని మీదే పెన్సిల్‌తో రాసి, బల్ల ఏ గదిలో ఉండబోతోందో ఆ గదిలో పెట్టండి. వారం తర్వాత మళ్ళీ తూచండి. తేడా రెండు గ్రాముల లోపుంటే పని మొదలెట్టొచ్చు. తగ్గుతూనే ఉంటే ఇంకా ఆగాలి.

మన ఊళ్ళో ఈ ఓపిక తప్పదు. గాలిలో తేమ 80 శాతం దగ్గరున్నప్పుడు ఆరిన చెక్కలో కూడా 15 శాతం తేమ నిలుస్తుంది. అదే బల్లని రోజంతా ఏసీ నడిచే గదిలో, అంటే 50 శాతం తేమలో పెడితే 9 శాతానికి దిగుతుంది. ఆ ఆరు శాతం తేడాకి 15 అంగుళాల టేకు పైచెక్క వెడల్పులో సుమారు 4 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. పొడవులో దాదాపు ఏమీ మారదు. కింద చెప్పే సగం జాగ్రత్తలు ఆ 4 మిల్లీమీటర్ల కోసమే.

మిషన్లు లేవు. ఎక్కడ కోయించాలి?

గాజువాక, కంచరపాలెం వైపు ఉండే కర్రల అడితీల్లోనో, దగ్గర్లోని కోత మిల్లులోనో కోసి, మిషన్ మీద చిత్రిక పట్టించుకోండి. కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. పట్టీలని ముందే 12 అంగుళాలకి కోసేసి చిత్రికకి తీసుకెళ్తారు. అంత పొట్టి ముక్కని మిషన్‌లోని రోలర్లు సరిగా పట్టుకోలేవు. ముక్క ఎగురుతుంది, లేదా చివర గుంట పడుతుంది. పొడుగ్గా ఉండగానే నాలుగు వైపులా సాపు చేయించి, తర్వాత ముక్కలు కోయండి. మరీ పొట్టివే ఉంటే చేతి చిత్రికే దిక్కు.

టేకులో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు బ్లేడు అంచు త్వరగా చచ్చిపోతుంది. ఇంట్లో కోసేటట్టయితే కార్బైడ్ పళ్ళున్న బ్లేడు పెట్టండి. ముక్కుకి మాస్కు తప్పనిసరి, టేకు పొట్టు కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది.

కాళ్ళకీ పట్టీలకీ అతుకు ఎలా?

కుసి తీసి, కాలిలో గుంట చేసి దూర్చడం. బల్ల ఎన్నేళ్ళు నిలుస్తుందో ఇక్కడే తేలిపోతుంది కాబట్టి కాస్త వివరంగా.

పట్టీ మందం 6 నూళ్ళు. మధ్యలో 3 నూళ్ళు కుసికి ఉంచి, రెండు వైపులా ఒకటిన్నర నూళ్ళ చొప్పున తీసేయండి. కుసి పొడవు 7 నూళ్ళు. వెడల్పు మూడు అంగుళాలూ ఉంచకూడదు. పైన అర అంగుళం, కింద పావు అంగుళం వదిలి 2¼ ఉంచండి. పైన ఎందుకు వదలాలంటే, గుంట కాలి తల దాకా తెరుచుకుంటే కాలు అక్కడే చీలుతుంది. అదే కారణానికి కాళ్ళని మొదట ఒక అంగుళం పొడవు ఎక్కువ ఉంచి, గుంటలు తవ్వడం అయ్యాక కోయడం మంచిది.

ముందు గుంట, తర్వాత కుసి. గుంట సైజు ఉలిని బట్టి స్థిరపడుతుంది, కుసిని దానికి తగ్గట్టు సవరించుకోవచ్చు. తిరగేసి చేస్తే రెండూ సవరిస్తూ కూర్చోవాలి. 3 నూళ్ళ డ్రిల్ బిట్‌తో వరసగా ఏడు నూళ్ళ కంటే కాస్త లోతుగా బెజ్జాలు వేసి, మధ్యలో మిగిలింది ఉలితో తీయండి. బిట్ మీద లోతు దగ్గర టేపు ముక్క చుడితే కొలవక్కర్లేదు.

ఒకే కాలిలోకి రెండు పక్కల నుంచి రెండు కుసులు వస్తాయి, లోపల ఢీకొంటాయి. వాటి చివరలని 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే ఒకదాని పక్కన ఒకటి ఒదుగుతాయి. రెండూ ఒకదాన్నొకటి తాకనక్కర్లేదు, కాగితం మందం ఖాళీ ఉంటే ఫెవికాల్‌కి చోటు.

బిగువు ఎంతుండాలి? చేత్తో నొక్కితే దూరాలి, తిరగేస్తే పడిపోకూడదు. సుత్తితో బలంగా కొడితే తప్ప దూరలేదంటే జిగురు మొత్తం గీక్కుపోయి అడుగుకి చేరుతుంది, కాలు పగిలినా పగులుతుంది.

మేకులు, స్క్రూలతో కానిచ్చేస్తే?

ఆరు నెలలకి ఊగుతుంది.

బిగించేటప్పుడు మూల సరిగా ఉందని ఎలా తెలుస్తుంది?

మూలమట్టం చిన్న బల్లకి మోసం చేస్తుంది. టేపుతో ఐమూలగా కొలవండి. 13 అంగుళాల చట్రానికి బయటి కాళ్ళ మూల నుంచి మూలకి రెండు వైపులా 18 అంగుళాల 3 నూళ్ళు రావాలి. ఒకటి ఎక్కువొస్తే, ఎక్కువ ఉన్న వైపు క్లాంపు (అతుకుని నొక్కిపట్టే బిగింపు) కొంచెం ఏటవాలుగా పెట్టి బిగించండి, సర్దుకుంటుంది. ముందు రెండు పక్కల చట్రాలు విడివిడిగా అతికించి, మర్నాడు వాటిని కలపండి. నాలుగు కాళ్ళూ ఎనిమిది కుసులూ ఒకేసారి అతికించబోతే సగంలో జిగురు ఆరిపోతుంది. 33, 34 డిగ్రీల ఎండలో ఫెవికాల్ మీకు ఐదారు నిమిషాలకి మించి టైమివ్వదు.

ఏ జిగురు?

ఇంట్లో ఉండే బల్లకి ఫెవికాల్ ఎస్‌హెచ్ సరిపోతుంది. బాల్కనీకో, తడి తగిలే చోటుకో అయితే ఫెవికాల్ మెరైన్. పావు కిలో డబ్బా తెస్తే మిగులుతుంది. టేకు జిడ్డు కర్ర కాబట్టి అతికే ముఖాలని థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, తడి ఆరగానే, అదే గంటలో అతికించండి. నిన్న తుడిచింది ఇవాళకి పనికిరాదు, లోపలి నూనె మళ్ళీ పైకి వచ్చేస్తుంది. టేకు అతుకు విడిపోయిందనే ఫిర్యాదులో నేరం చాలాసార్లు జిగురుది కాదు, తుడవకపోవడానిది.

పైచెక్క అతికించడానికి క్లాంపులు లేవు.

మందపాటి ప్లైవుడ్ మీద, 15½ అంగుళాల ఎడంతో రెండు బద్దలు స్క్రూ చేయండి. మధ్యలో పాత న్యూస్‌పేపరు పరిచి, జిగురు రాసిన పలకలు పేర్చండి. మిగిలిన సందులో ఏటవాలుగా కోసిన రెండు చెక్కముక్కలని ఎదురెదురుగా పెట్టి రెండు వైపుల నుంచీ సుత్తితో కొడితే బిగుసుకుంటుంది. పలకలు పైకి లేవకుండా మీద రుబ్బురాయో, బియ్యం బస్తానో పెట్టండి. అతుకు పొడవునా జిగురు పూసల్లా బయటికి వచ్చిందంటే చాలినంత రాసినట్టే. ఆ పూసల్ని తడిగుడ్డతో పులమకండి, అరగంట ఆగి సగం గట్టిపడ్డాక ఉలితో గీకండి. పులిమితే చెక్క రంధ్రాల్లోకి పోయి పాలిష్ వేశాక తెల్లమచ్చలుగా తేలుతుంది.

పైచెక్కని కాళ్ళ చట్రానికి జిగురుతో అంటించేయొచ్చు కదా?

వద్దు. పైన చెప్పిన 4 మిల్లీమీటర్లు గుర్తుందా? చెక్కని కదలనివ్వకపోతే అది నడుమ పగులుతుంది, లేదా చట్రాన్ని లాగేస్తుంది.

పట్టీల లోపలి వైపు, పై అంచుకి 3 నూళ్ళ కింద, 3 నూళ్ళ లోతు గాడి తీయండి. ముప్పావు అంగుళం మందం చెక్కతో ఎనిమిది బిళ్ళలు చేయండి. ఒక్కోదానికి ఒక చివర నాలుకలా పలచగా ఉండి గాడిలో దూరాలి, మిగతా భాగం పైచెక్కకి స్క్రూ అవ్వాలి. పట్టీకి రెండు చొప్పున పెట్టండి. పైచెక్కలో నార, అంటే చెక్క పొడవునా సాగే గీతలు, ఏ దిశలో నడుస్తోందో చూసుకోండి. దానికి సమాంతరంగా ఉన్న పట్టీల దగ్గర, నాలుక చివరకీ గాడి లోపలికీ మధ్య ఒక నూలు ఖాళీ వదలాలి. మిగతా రెండు పట్టీల దగ్గర బిళ్ళ గాడి వెంట అటూ ఇటూ జరుగుతుంది, అక్కడ దూరం లెక్క అక్కర్లేదు. స్క్రూ 1¼ అంగుళాలది, ఎనిమిదో నంబరు. అంతకంటే పొడుగైతే పైకి పొడుచుకొస్తుంది.

స్క్రూలు ఎలాంటివి?

స్టెయిన్‌లెస్ స్టీలు, లేదా ఇత్తడి. ఉప్పుగాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళ కిటికీ బందుల్ని చూస్తే తెలుస్తుంది. మామూలు ఇనుముతో తుప్పొక్కటే కాదు బెడద. టేకు, మద్ది, తుమ్మల్లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం తడిలో ఇనుముతో కలిసి నల్లటి మరక వేస్తుంది. స్క్రూ చుట్టూ పుట్టిన ఆ నలుపు ఉప్పు కాగితానికి పోదు.

ఎనిమిదో నంబరుకి ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. ఇత్తడి మెత్తన, గట్టి చెక్కలో తల తెగిపోతుంది. అందుకని అదే సైజు స్టీలు స్క్రూ ఒకసారి ఎక్కించి తీసి, ఆ దారిలో ఇత్తడిది సబ్బు రాసి ఎక్కించండి.

బల్ల ఊగుతోంది. ఏ కాలు కోయాలి?

ఆగండి, ముందు నేరం బల్లదో నేలదో తేల్చుకోండి. బల్లని అక్కడే పావువంతు తిప్పండి. ఊగే కాలు బల్లతో పాటు తిరిగితే బల్లది, ఊపు నేల మీద అదే మూలన ఉండిపోతే నేలది. బల్లదే అయితే వంటగట్టు గ్రానైట్ మీదికి ఎక్కించండి. లేచిన కాలి కింద పాత ఏటీఎం కార్డు ముక్కలు, ఒక్కోటి ముప్పావు మిల్లీమీటరు, ఊగడం ఆగేదాకా దూర్చండి. ఇప్పుడు ఒక చిన్న చెక్కముక్క మీద పెన్సిల్ పడుకోబెట్టి, గట్టు మీద జరుపుతూ నాలుగు కాళ్ళ చుట్టూ గీత గీయండి. గీతకి కోయండి. ఒక కాలు కాస్త, ఇంకో కాలు కాస్త అని కంటితో కోసుకుంటూ పోతే సైడ్ టేబుల్ పీటవుతుంది.

ఉప్పు కాగితం ఏ నంబర్లు?

80, 120, 180, 220. నార వెంటే రుద్దాలి. 120 వదిలేసి 80 నుంచి 180కి దూకితే గీతలు అప్పుడు కనబడవు, పాలిష్ పడ్డాక పలకరిస్తాయి. పూతల మధ్య 320.

పాలిష్ ఏది మంచిది?

లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ అందమే గానీ వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. సైడ్ టేబుల్ మీద టీ గ్లాసు పెట్టకుండా ఉండేవాళ్ళెవరు? పీయూ (పాలీయూరిథేన్) పాలిషే మా సలహా. మొదటి పూతకి థిన్నర్ కలిపి పలచన చేసి, గుడ్డతో పలచగా నాలుగు పూతలు. పావు లీటరు సరిపోతుంది. కిటికీలు తెరిచి ఉంచండి.

వాన ముసురులో మాత్రం ఏ పాలిష్‌కీ పూనుకోవద్దు. స్పిరిట్, థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తాయి, గాలిలో తేమ దాని మీద పేరుకుని పూత పాలు పోసినట్టు తెల్లబడుతుంది. జనవరి, ఫిబ్రవరి పగటిపూట ఈ పనికి హాయి.

పైచెక్క అడుగువైపు కూడా అన్నే పూతలు వేయండి, ఎవరికీ కనబడదని వదలకండి. ఒకవైపే పూసిన పలక రెండోవైపు నుంచి తేమ తాగి పళ్ళెంలా వంగుతుంది.

అవిసె నూనె ఇష్టపడేవాళ్ళు ఉన్నారు. బాయిల్డ్ రకమే కొనండి, పచ్చినూనె మన తేమలో రోజుల తరబడి ఆరక బూజు పడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో వేయండి.

ఏటికొప్పాక బొమ్మల్లా కాళ్ళకి లక్క రంగులు వేయించొచ్చా?

ఆ బొమ్మలు చేసేది అంకుడు కర్రతో, అది మెత్తనిది. తిరిగే లేత్ మీద లక్క బద్ద ఒత్తిపట్టి, రాపిడి వేడికి కరిగించి పట్టిస్తారు. గుండ్రని కాళ్ళయితేనే కుదురుతుంది, చదరపు కాళ్ళకి కుదరదు. బల్లకి సొరుగు పెడితే దాని గుబ్బకి మాత్రం ముచ్చటగా ఉంటుంది.

చెక్క కింద పిండిలా రాలుతోంది.

పురుగు. సూదిమొన రంధ్రాల్లోంచి రాలేది అది తిన్న చెక్కే. పాలిష్ వేయకముందు తెలిస్తే, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం రెండు మూడు సార్లు బాగా తాగించి, ఆరబెట్టి వాడండి. పాలిష్ వేశాక అది లోపలికి ఇంకదు. రంధ్రాల్లోకి సిరంజితో మందు ఎక్కించి మైనంతో మూయాలి, రంధ్రాల చుట్టూ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని నెల తర్వాత కొత్త పిండి ఉందేమో చూడాలి. ఉంటే ఆ ముక్క మార్చేయడమే.

సముద్రం వైపు బాల్కనీలో పెట్టుకోవచ్చా?

టేకైతే పెట్టుకోవచ్చు. పైచెక్కని మాత్రం అతికించకుండా, పలకల మధ్య ఒకటిన్నర నూలు సందు వదిలి విడిగా బిగించండి, వాననీళ్ళు నిలవవు. కాళ్ళ అడుగుభాగాలకి మూడు నాలుగు సార్లు పూత తాగించండి, నీళ్ళు పీల్చేది అక్కడే. ఎండకి బూడిదరంగు తిరుగుతుంది, చెక్కకి దాని వల్ల నష్టం లేదు. ఇష్టం లేకపోతే ఏడాదికోసారి రుద్ది నూనె పట్టించాలి.

మొత్తం ఎన్ని రోజులు?

చేతి పనిముట్లతో, శని ఆదివారాలు మాత్రమే చేస్తే నాలుగు వారాలు. మొదటి వారం కోత, చిత్రిక. రెండోది గుంటలు, కుసులు. మూడోది అతుకులు. నాలుగోది రుద్దడం, పాలిష్. చివరి పూత అయ్యాక వారం రోజులు బల్ల మీద ఏమీ పెట్టకండి. పీయూ చేతికి ఆరినట్టే ఉంటుంది గానీ, లోపల గట్టిపడకముందే పూలకుండీ పెడితే దాని అడుగు అచ్చు అలాగే దిగిపోతుంది.